అక్క చెప్పిన కొట్లు

మా సరోజక్క పోయాక వచ్చిన చలికాలంలో ఆమె కూతురు లత సెలవు పెట్టి మలేషియా నుంచి అమెరికాలో ట్రాయ్‌కి, మా ఇంటికి వచ్చింది. తల్లి లేని ఇంట్లో ఉండలేకపోతున్నాను పిన్నీ అని ఫోన్లో అన్నప్పుడు వచ్చెయ్యమ్మా అన్నాను కానీ, వచ్చాక ఆ పిల్లని ఎక్కడ తిప్పాలో తోచలేదు. బయట మోకాలి లోతు మంచు. మావారు కార్ల కంపెనీలో రిటైరయ్యాక చలికాలంలో గడప దాటడం మానేశారు. చివరికి నేను రోజూ నడకకి వెళ్ళే మాల్‌కే తీసుకెళ్ళాను. ఈ ఊళ్ళో నా వయసు ఆడవాళ్ళం చాలామందిమి చలికాలమంతా మాల్‌లోనే నడుస్తాం. కొట్లు తెరవకముందే తలుపులు తీస్తారు. నేల నున్నగా ఉంటుంది, జారిపడే భయం ఉండదు. లత అటూ ఇటూ చూసి, "ఇంతేనా పిన్నీ? మన పీజేలో దీనికంటే ఎంతో పెద్ద మాల్స్ ఉన్నాయి కదా," అంది. నిజమే. ఇక్కడ మా తెలుగు స్నేహితులు నమ్మరు గానీ, పీజే, అంటే పెటాలింగ్ జయలో పుట్టి పెరిగిన పిల్లకి అమెరికా మాల్ చిన్నదే.

కాసేపు నడిచాక ఒక కొట్టు అద్దం ముందు ఆగిపోయింది. లోపల చలికోట్లు తొడిగిన బొమ్మలున్నాయి. "అమ్మ ఉంటే ఈపాటికి స్టార్ట్ చేసేది," అంది.

"ఏంటమ్మా?"

"కామెంటరీ. నీకు తెలీదా? ఏ మాల్‌కి వెళ్ళినా నోట్లో నోట్లో చెప్పుకుంటూ నడిచేది. ఎడమ పక్క వాచీల కొట్టు, దాని పక్కన పిల్లల బట్టలు, ఎర్ర గౌను, మెడ దగ్గర తెల్ల కుట్టు... అలా. ఎవరైనా వింటారేమోనని స్కూల్ డేస్‌లో నేను ముందుకి నడిచేసేదాన్ని. ఎందుకమ్మా అని అడిగితే అలవాటు లా, అనేది. ఎక్కడి అలవాటు పిన్నీ అది?" మాట చివర ఆ "లా" మా మలేషియా వాళ్ళ ఊతపదం.

ఫుడ్ కోర్ట్‌లో ఒక మూల కూర్చోబెట్టి రెండు కాఫీలు తెచ్చాను. నేను చెప్పడం మొదలుపెట్టాక ఆ కాఫీలు చల్లారిపోయాయి. ఆ రోజు లతకి చెప్పిందీ, చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వెళ్ళి మలేషియా కొబ్బరి తోటల్లో దిగినవాళ్ళు. నాన్న తోట వదిలిపెట్టి టౌన్ బస్సు డ్రైవరై, కౌలాలంపూర్‌ని ఆనుకుని అప్పుడప్పుడే పెరుగుతున్న పెటాలింగ్ జయలో కాపురం పెట్టాడు. ఒకే గోడని రెండిళ్ళు పంచుకునే వరస ఇళ్ళు. మా కుడి గోడ అవతల చైనా వాళ్ళు, ఎడమ గోడ అవతల మలయ్ వాళ్ళు. పొద్దున్నే ఒక పక్క నుంచి నూనెలో వేగే వెల్లుల్లి వాసన, ఇంకో పక్క నుంచి కొబ్బరిపాలతో అన్నం ఉడికే వాసన వచ్చేవి. మధ్యలో మా అమ్మ ఎండుమిరపకాయ, ఆవాలు పోపు వేస్తే రెండు పక్కలా దగ్గేవాళ్ళు. అమ్మ వంటిల్లు చూసి అందరూ మెచ్చుకునేవారు. ఉప్పు డబ్బా, చింతపండు జాడీ, కత్తిపీట, అన్నీ పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టుండేవి. మేం ఎవరమైనా ఉప్పు డబ్బా జానెడు జరిపితే అమ్మకి ఎక్కడలేని కోపం వచ్చేది. ఎంత శుభ్రత అనుకునేవాళ్ళం. సాయంత్రం వెలుగు ఉండగానే లైట్లన్నీ వేసేసేది. వారానికోసారి మా వీధి చివర సాయంకాలపు సంత పెట్టేవారు, పసార్ మలామ్ అంటారు అక్కడ. వీధి పొడుగునా దీపాలు, వేయించిన నూడుల్స్, పుల్లల మీద కాల్చిన మాంసం, చెరుకు రసం, ప్లాస్టిక్ చెప్పులు. ఊరంతా అక్కడే ఉండేది. అమ్మ మాత్రం ఎప్పుడూ రాలేదు. "నాకా జనం పడదు, మీరెళ్ళి రండి," అని గుమ్మంలో నిలబడేది.

అమ్మ వచ్చేది ఆదివారం షికారుకే. ఆదివారం పొద్దున మన తెలుగువాళ్ళ సంఘం హాల్లో పిల్లలకి తెలుగు పాఠాలు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ హాలు పుణ్యమే. మధ్యాహ్నం మార్కెట్ వెనక ఒక తమిళాయన హోటల్లో అరిటాకు భోజనం. మిగతా ఆరు రోజులూ వండిన అమ్మకి ఆ పూట సెలవు. చేప పులుసు వడ్డించగానే ముందు వాసన చూసి, "ఇవాళ మెంతులు మాడ్చాడు," అనేది, తినేది మాత్రం తృప్తిగా. ఎండ తగ్గాక నలుగురం బస్సెక్కి కొత్తగా కట్టిన షాపింగ్ కాంప్లెక్స్‌కి వెళ్ళేవాళ్ళం. వారమంతా బస్సు తోలిన నాన్న ఆ రోజు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, బ్రేకు ఎలా వెయ్యకూడదో మాకు మెల్లగా చెబుతుండేవాడు.

ఆ కాంప్లెక్స్ మా ఊరికి మొదటిది. ఇప్పటి లెక్కలో అది ఒక మాల్ కాదు, మాల్‌లో ఒక మూల. కానీ గాజు తలుపు తియ్యగానే మొహానికి తగిలే ఆ చల్లగాలికే మేం సగం తృప్తిపడేవాళ్ళం. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫ్యాను. తలుపు పక్కనే బేకరీ, వెన్న వాసన. తర్వాత చెప్పుల కొట్టు, రంగు చేపల కొట్టు, పెళ్ళికూతుళ్ళ ఫొటోలు అద్దంలో పెట్టిన స్టూడియో, ఒక సింధీ ఆయన బట్టల కొట్టు. నడి మధ్యలో ఫౌంటెన్. పై అంతస్తులో చక్రాల బూట్లు కట్టుకుని తిరిగే రింకు; దాని చప్పుడు సీలింగు మీద ఉరుములా కిందికి వినిపించేది. నేను రికార్డుల కొట్టు దగ్గర అతుక్కుపోయేదాన్ని. చివర్లో పైకెళ్ళి ఐస్ కచాంగ్ తినేవాళ్ళం. తురిమిన మంచు మీద ఎర్ర పాకం, ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న. ఒకే గిన్నె, నాలుగు స్పూన్లు. పైకి వెళ్ళడానికి కదిలే మెట్లుండేవి గానీ అమ్మ ఎక్కేది కాదు. పక్కనున్న మామూలు మెట్ల మీద, రెయిలింగు పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చేది. మేం పైన నిలబడి నవ్వుతుంటే ఆవిడా నవ్వేది. కొబ్బరి ఎస్టేట్‌లో పుట్టినదాన్ని, నాకు ఈ మెషీన్లు భయం అనేది.

సరోజక్క స్కూలు చదువు అయిపోయి ఆ సింధీ ఆయన కొట్లోనే సేల్స్ గర్ల్‌గా చేరింది. ఆదివారం దాని డ్యూటీ మధ్యాహ్నంతో అయిపోయేది. మేం వెళ్ళేసరికి ఫౌంటెన్ దగ్గర ఎదురుచూసేది. ఒక ఆదివారం అక్క అటు నుంచి అమ్మా అని పిలుస్తూ చెయ్యి ఊపింది. నాన్నా నేనూ చేపల కొట్టు దగ్గర ఆగాం. అమ్మ అక్క పిలుపు విని తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి, అడ్డున్న పిట్టగోడ తగిలి ముందుకి తూలి, చీరతో సహా ఫౌంటెన్ నీళ్ళలో పడింది. లోతు లేదు, మోకాలి దాకా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. నాన్న జారిందనుకుని, "చూసుకుని నడవొద్దూ," అంటూ లేవదీశాడు. అమ్మ కూడా నవ్వడానికి ప్రయత్నించింది.

అక్క మాత్రం నవ్వలేదు. అమ్మని తన కొట్లోకి తీసుకెళ్ళి, బట్టలు మార్చుకునే తెర వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, కింద కూర్చుని చీర కుచ్చెళ్ళు పిండుతూ అడిగింది. నేను తెర పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అమ్మా, నీకు అది కనపడలేదు కదూ?"

అమ్మ కొంగులో నీళ్ళు పిండుకుంది. తర్వాత, "ఇవాళ నీళ్ళ చప్పుడు లేదే," అంది.

నిజమే. పంపు చెడిపోయి ఆ రోజు ఫౌంటెన్ ఆపేశారు. తొట్టిలో నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. అన్ని ఆదివారాలూ అమ్మ ఆ చప్పుడుని బట్టి పక్కకి తప్పుకుని నడిచిందని మాకు అప్పుడు అర్థమైంది. ఉప్పు డబ్బా, పెందలాడే వేసే లైట్లు, సంతకి రాకపోవడం, మెట్లు, అన్నీ ఒక్కసారి వచ్చి నా మీద పడ్డట్టయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అక్క.

"చీకట్లో చిన్నప్పటినుంచీ అంతే. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. పగలు పక్కలకి కనపడకపోవడం ఈమధ్యే."

"చెప్పొద్దా మరి?"

"చెబితే నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారా?"

కౌలాలంపూర్ పెద్దాసుపత్రిలో డాక్టరు, కంటి వెనక పొర అంచుల నుంచి మధ్యకి పాడవుతూ వస్తోందనీ, ఆపే మందు లేదనీ చెప్పాడు. తిరిగొస్తూ బస్సులో నాన్న ఏ డ్రైవరు తప్పూ ఎంచలేదు. ఇంటికొచ్చాక, ఇంక ఆదివారాలు బయటికొద్దు అన్నాడు. అమ్మ ఎప్పుడూ నాన్న మాటకి ఎదురు చెప్పేది కాదు. ఆ రోజు మాత్రం, "చూపు ఉన్నన్నాళ్ళు చూడనివ్వండి," అంది. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. నాన్న గాజు తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో కూర్చుంటాను, మీరు తిరిగి రండి అన్నాడు. అమ్మ పడ్డ ఆ చోటు చూడలేక, చనిపోయేదాకా ఆయన మళ్ళీ లోపలికి రాలేదు. ఎంత ఎండగా ఉన్నా బయటే కూర్చుని, మా కోసం తలుపు వైపు చూస్తుండేవాడు.

అక్క చెప్పడం అప్పుడే మొదలైంది. అమ్మ చెయ్యి తన మోచేతి మీద పెట్టుకుని నడుస్తూ, కనపడేవీ కనపడనివీ అన్నీ చెప్పేది. మొదట్లో అమ్మకి సగం కనపడేది. ఏళ్ళు గడిచేకొద్దీ సన్నని గొట్టంలోంచి చూసినట్టు, తర్వాత వెలుగూ చీకటీ, తర్వాత అదీ లేదు. దానికి తగ్గట్టు అక్క మాటలు పెరుగుతూ పోయాయి. అమ్మకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం కుదిరేది కాదు. ఎర్ర చీర అంటే, "ఏం ఎరుపు? పండుమిరపకాయా, దానిమ్మ గింజా?" అని నిలదీసేది. అక్క వెనక్కి నడిచి మళ్ళీ చూసొచ్చి, "ఎండిన మందారం," అనేది. "అలా చెప్పు," అనేది అమ్మ. స్టూడియో అద్దంలో కొత్త పెళ్ళికూతురు ఫొటో పెడితే ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోందా, నిద్ర ఆపుకుంటోందా అని తల్లీ కూతుళ్ళకి వాదన. ఐస్ కచాంగ్ గిన్నె ముందు కూర్చున్నాక కూడా ఆపేవాళ్ళు కాదు. నేను పక్కన నడుస్తూ విసుక్కున్న రోజులున్నాయి, విని నవ్విన రోజులున్నాయి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కాంప్లెక్స్ నాకు గుర్తున్నది నా కళ్ళతో చూసినట్టు కాదు, అక్క మాటల్లో విన్నట్టే.

నాకు పెళ్ళై మిషిగన్ వచ్చేశాను. మావారిది ఏలూరు, పెళ్ళైన కొత్తలో నా తెలుగు విని, ఇది ఏ జిల్లా యాస అని నవ్వేవారు. నాన్న గుండె ఆగి పోయాడు. అక్కకి సంబంధాలు వచ్చాయి. కొబ్బరి తోటల వైపు తెలుక్ ఇంతాన్ అనే ఊళ్ళో మన తెలుగువాళ్ళే, మంచి కుటుంబం, పిల్లవాడు టీచరు. అక్క వద్దంది. అమ్మ అడిగితే, "అక్కడ చూడ్డానికి ఏముందమ్మా, కొబ్బరి చెట్లు తప్ప?" అందట. "నా కోసమైతే మానకు," అంది అమ్మ. "నీ కోసం కాదు లా, నాకే ఆ ఊరు నచ్చలేదు," అంది అక్క. ఆ సంగతి నవ్వుతూ నాకు ఫోన్లో చెప్పింది. తర్వాత వచ్చినవాటి గురించి చెప్పడం కూడా మానేసింది.

ఈలోగా మా ఊరు మారింది. హైవే పక్కన కొత్త మాల్స్ లేచాయి, ఒకదాన్ని మించి ఒకటి. లోపలే మంచు మీద జారే రింకులు, పదేసి సినిమా హాళ్ళు. నేను ఒకసారి సెలవుకి వెళ్ళినప్పుడు చూద్దును కదా, మా పాత కాంప్లెక్స్‌లో సగం కొట్లకి షట్టర్లు దించి ఉన్నాయి. పైన రింకు లేదు. సింధీ ఆయన కొట్టు కూడా ఎత్తేశాడు. అక్క ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. అయినా ఆదివారం అమ్మని అక్కడికే తీసుకెళ్ళింది. మెట్లూ మలుపులూ అమ్మ కాళ్ళకి తెలిసిన చోటు అదొక్కటే. నేను వెనకే నడుస్తున్నాను. మూసిన షట్టరు ముందు అక్క ఆగింది. "చెప్పుల కొట్లో కొత్తవి పెట్టారమ్మా. తెల్ల చెప్పులు, పైన చిన్న పువ్వు," అంది. పక్క షట్టరు ముందు, "చేపల తొట్టి కడిగినట్టున్నారు, నీళ్ళు తేటగా ఉన్నాయి," అంది. ఒక్కసారి నా వైపు తిరిగి, మాట్లాడకు అన్నట్టు తల ఊపింది.

మర్నాడు అక్క ఆఫీసుకి వెళ్ళాక, అమ్మ వంటింటి గడప మీద కూర్చుని పచ్చి బఠానీలు ఒలుస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఉన్నట్టుండి అంది.

"ఆ కొట్లు మూసేశారని నాకు తెలుసే."

"ఎవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పాలా? తలుపు తియ్యగానే వెన్న వాసన లేదు. పైన ఉరుము లేదు. ఫౌంటెన్ రిపేరు అంది సరోజ. ఎన్నాళ్ళ రిపేరు? కొట్టు తెరిచి ఉంటే మన అడుగుల చప్పుడు లోపలికి పోతుంది. మూసి ఉంటే మన దగ్గరికే తిరిగొస్తుంది. నిన్న దారంతా తిరిగొచ్చింది."

"మరి అక్కతో అనలేదా?"

"అంటే ఇంక చెప్పదు." ఒలిచిన గింజలు తడిమి చూసుకుని గిన్నె పక్కకి పెట్టింది. "ఆ తెల్ల చెప్పులు ఎంత బాగున్నాయో చూశావా? పువ్వు కూడా పెట్టింది. వారమంతా ఆలోచించుకుంటుంది కాబోలు ఏం చెప్పాలా అని. దానికింకేం ఉందే ఈ ఇంట్లో? నువ్వు మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను.

ఇక్కడ ట్రాయ్‌లో మాకు దేనికీ కొదవ లేదు. కావలసింది ఫోన్లో బుక్ చేస్తే మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. కరివేపాకు నుంచి కంచి పట్టు దాకా పది నిమిషాల డ్రైవ్‌లో దొరుకుతాయి. నేను పొద్దున్నే నడిచే మాల్‌లో నాతోపాటు నడిచేవాళ్ళందరి చెవుల్లోనూ ఏవో పెట్టుకుని ఉంటారు. ఒకరినొకరు చూసి గుడ్ మార్నింగ్ అనుకుని దాటిపోతాం. ఏ అద్దంలో ఏ రంగు బట్ట ఉందో ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా నేను సరిగ్గా చూడలేదని లత వచ్చిన రోజే తెలిసింది. ఎవరికీ చెప్పవలసిన పని లేకపోతే కళ్ళు కూడా సోమరివైపోతాయేమో. ఒక గిన్నె మంచు తురుము, మూడు నాలుగు కొట్లు, రానూపోనూ బస్సు; అంతటితో మేం ఒక వారం గడిపేవాళ్ళం. ఆ వారాలు ఎక్కువ పొడుగ్గా ఉండేవో, మేమే వాటిని నెమ్మదిగా తినేవాళ్ళమో చెప్పలేను.

అమ్మ పోయినప్పుడు నాకు విమానం దొరికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. కర్మకాండ ముగిశాక వచ్చిన ఆదివారం, ఎండ తగ్గే వేళకి అక్క చీర మార్చుకుని, గొడుగు తీసుకుని గుమ్మంలో నిలబడింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, తీసుకెళ్ళడానికి ఎవరూ లేరని. అలాగే నిలబడిపోయింది. "పద అక్కా, మనిద్దరం వెళ్దాం," అన్నాను.

గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాం. ఈ చివర నుంచి ఆ చివరిదాకా అక్క ఒక్క మాట మాట్లాడకుండా నడిచింది. మా అడుగుల చప్పుడు మా వెంటే వచ్చింది. చివర మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగి, మొత్తం ఒకసారి చూసింది. దించిన షట్టర్లు, వాటి మీద చిరిగిన కాగితాలు, ఆరిపోయిన లైట్లు. మెట్టు మీద కూలబడింది.

"ఇంతగా పాడైపోయిందేంటే ఇది?" అంది. "ఒక్కొక్కటీ మూసినప్పుడు తెలుసు. అన్నీ కలిపి నేనెప్పుడూ చూడలేదు. నా కళ్ళకి అన్నీ తెరిచే ఉన్నాయి."

అమ్మ పోయిన రోజు కూడా అక్క ఏడవలేదని చుట్టాలు చెప్పారు. ఆ మెట్టు మీద కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఏడుపు తగ్గాక పమిటతో మొహం తుడుచుకుంటూ అడిగింది.

"అమ్మకి ఎప్పుడైనా అనుమానం వచ్చి ఉంటుందంటావా?"

"లేదక్కా," అన్నాను.

"అవున్లే. వచ్చి ఉంటే ఊరుకునే మనిషా? అడిగి కడిగేసేది," అని, ఆ రోజు మొదటిసారి కొంచెం నవ్వింది.

ఆ తర్వాత రెండేళ్ళకి అక్క పెళ్ళి చేసుకుంది, ఆఫీసులో తెలిసిన భార్య పోయిన ఆయన్ని. లేటు వయసులో లత పుట్టింది. బావ మంచివాడు. అక్క సుఖంగానే బతికిందనుకుంటాను. అమ్మకి తెలుసన్న సంగతి మాత్రం నేను చివరిదాకా చెప్పలేదు. ఆఖరి నెలల్లో ఫోన్లో గొంతు నీరసంగా వినిపించినప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. అమ్మకిచ్చిన మాట ఒకటి, అక్క ఆ మెట్టు మీద నవ్విన నవ్వు ఒకటి. రెండూ కలిసి నా నోరు నొక్కేసేవి.

ఆ ఆదివారం మెట్టు మీద నుంచి లేచి మేం వచ్చిన దారినే వెనక్కి నడిచాం. నాలుగడుగులు వేశాక అక్క నా చెయ్యి తీసి తన మోచేతి మీద పెట్టుకుంది. "ఇక్కడ ఫొటో స్టూడియో. మూసేశారు," అంది మెల్లగా. "పక్కదీ మూసేశారు. ఫౌంటెన్ తీసేసి పూల కుండీలు పెట్టారు, ప్లాస్టిక్ పువ్వులు, దుమ్ము పట్టాయి. ఇక్కడ ఒక చైనా తాత సెల్‌ఫోన్ కవర్లు పెట్టుకుని కూర్చున్నాడు. నీలం చొక్కా. ఉతికి ఉతికి వెలిసిన నీలం. బేరాల్లేవు పాపం, కునుకుతున్నాడు."

నాతో చెబుతోందనుకుని ఊ కొట్టాను. అక్క నా వైపు చూడనేలేదు. అప్పుడు ఊ కొట్టడం ఆపేసి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా అడుగు నెమ్మది చేసుకుని పక్కన నడిచాను.